ఎడమ తెర వైపు పదకొండు చూపులు

ఫిబ్రవరి నెల రెండవ ఆదివారం, సాయంత్రం నాలుగు గంటల పది నిమిషాలు. ఆకాశం మబ్బు పట్టి ఉంది, గాలి లేదు. జమ్మికుంటలో ఒక పాఠశాల ఆవరణలో నాటకం రెండవ ప్రదర్శన మొదలైంది. నేను మూడవ వరుసలో నోటుపుస్తకంతో కూర్చున్నాను. వినోదం కోసం వెళ్లలేదు. మా బామ్మర్ది పరువు కోసం వెళ్లాను.

తండ్రి పోయాక తమ్ముడి భూమిని కాజేసే అన్న ఆ నాటకంలో ప్రధాన పాత్ర. ఆ వేషం మా బామ్మర్దిది. బయట అతను ఊరి పెద్దమనిషి. అన్నదమ్ములు వేరుపడితే భూమికి అతనే వాటాలు వేసి చీటీలు తీయిస్తాడు. ఇరవై రెండేళ్లలో పదిహేడు కుటుంబాలకు పంచాడు. పద్దెనిమిదవ కుటుంబం వాళ్లు మొదటి ప్రదర్శన చూశారు. మరునాడే ఆ అన్నదమ్ములిద్దరూ వచ్చి, పంపకానికి వేరే మనిషిని చూసుకుంటామన్నారు. మాట్లాడే ముందు అతను ఆగిన తీరు, వేళ్లు మడిచి లెక్కించిన తీరు చూశాక, లోపల లేని ఎత్తుగడ బయటికి రాదని వాళ్లు తేల్చారు. సాయంత్రానికి ఆ మాట ఊరంతా పాకింది.

పత్తి మార్కెట్ కాంటా దగ్గర ముప్పై నాలుగేళ్లు పనిచేసినవాణ్ని. తూచకుండా ఏ మాటా నమ్మను. కనుక ఆ పాత్ర వేసిన ఎత్తుగడలను గీతలు పెట్టి లెక్కించాను. ఓరచూపు, మాట మింగి ఆగడం, వేళ్ల లెక్క అన్నీ కలిపి ముప్పై ఒకటి. తర్వాత దర్శకుడి దగ్గరున్న రాతప్రతి తీసుకుని సరిచూశాను. అందులో ఇరవై మాత్రమే ఉన్నాయి.

మిగిలిన పదకొండు ఎవరివి? ఒప్పుకోవాలి, నాకూ అనుమానం కలిగింది. నా నోటుపుస్తకం మళ్లీ తిరగేశాను. ఆ పదకొండు సార్లూ అతని చూపు ఎడమ తెర వైపే పోయింది. ఆ తెర వెనుకే మరచిన మాటలు అందించే మనిషి నిలబడతాడు. వేళ్లు మడిచింది తమ్ముడి భూమి ఎన్ని గుంటలో లెక్కకట్టడానికి కాదు. ఇంకా ఎన్ని మాటలు మిగిలాయో గుర్తు తెచ్చుకోవడానికి.

బుధవారం ఉదయం ఆ పద్దెనిమిదవ కుటుంబం అన్నదమ్ములను, బామ్మర్దిని మా ఇంటి ముందు కూర్చోబెట్టి లెక్క చదివాను. ఇద్దరిలో పెద్దవాడు నా పుస్తకం తీసుకుని గీతలు మళ్లీ లెక్కపెట్టాడు.

“రాసిచ్చిన అబద్ధమే రెండు నెలలు నేర్చినా యాదికుంచుకోలే. గీయన సొంతంగ ఏం అల్లుతడు? గీయన్నే పంచుమందాం,” అన్నాడు తమ్ముడితో.

తమ్ముడు ఒప్పుకున్నాడు. అయితే కొలతల కాగితం మాత్రం నా దగ్గరే ఉండాలన్నాడు.

బామ్మర్ది తలెత్తలేదు. వాళ్లు వెళ్లాక అన్నాడు: “దొంగ అన్నా ఊకుందును బావా. అందరు నా యాక్టింగ్ జూసి భయపడ్డరని జర ఖుషీగ ఉంటి. గా పదకొండు ఎందుకు చదివినవ్?”

“లెక్కల ఉన్నయి గద, ఎట్ల దాచుత?” అన్నాను.

శుక్రవారం ఉదయం ఆరెకరాల ఎనిమిది గుంటల భూమి మూడెకరాల నాలుగు గుంటల చొప్పున రెండు వాటాలైంది. చీటీలు తీయించే ముందు అతను ఆగి, వేళ్లు మడిచి, ఎడమ వైపు చూశాడు. అటు నేనున్నాను. కొలత అందించాను.

తుది లెక్క ఇది: ఎత్తుగడలు ముప్పై ఒకటి. రచయితవి ఇరవై, మతిమరుపువి పదకొండు, మా బామ్మర్ది సొంతవి సున్న.