గుడియాత్తం పెళ్ళిచూపుల్లో నా గుణం

తిరుపతి నుంచి గుడియాత్తం వెళ్ళడానికి కారణం పెళ్ళిచూపులు. అమ్మాయి పేరు హేమ. తరతరాలుగా అక్కడే స్థిరపడిన తెలుగు కుటుంబం, లుంగీల వ్యాపారం. ఫోటోలోనే నాకు తెగ నచ్చింది. ఆమెకు నేను నచ్చాలి, అదే బెంగ. పెద్దవాళ్ళు తర్వాత వస్తామన్నారు కాబట్టి తోడుగా నా స్నేహితుడు సుధాకర్‌ను తీసుకెళ్ళాను.

ఉదయం రైల్లో కాట్పాడి చేరాము. అక్కడి నుంచి గుడియాత్తానికి రైలుంది కానీ, వేలూరు కోట చూడకుండా పోవడం నాకిష్టం లేదు. సుధాకర్ ముందు వద్దన్నాడు, తర్వాత వాడే ఒప్పుకున్నాడు. కోటంతా తిరిగి, ఇడ్లీలు తిని బస్సెక్కేసరికి పదకొండు. గంట పైచిలుకు ప్రయాణం, టికెట్టు యాభై లోపే. మా తెలుగు విని కండక్టర్, "ఆపక్క ఎండ కొడతాదప్పా, ఈపక్క రాండి" అన్నాడు. నాకు కొండలు కనబడాలి. ఎండలోనే కూర్చున్నాము. నేను ఎక్కడైనా సర్దుకుపోతాను.

వాళ్ళింట్లో కాఫీలయ్యాక హేమే అడిగింది. "మీరెట్లాంటోళ్ళు?"

"సర్దుకుపోయే మనిషిని."

ఆమె సుధాకర్ వైపు తిరిగింది. "మీరు చెప్పండన్నా."

వాడు చెమట తుడుచుకున్నాడు. "మంచోడేమ్మా. కానీ వీడు పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు."

"నేనా? ఎప్పుడురా?"

"పొద్దున్నుంచి."

వాడు తమాషాకు అనలేదు. సంబంధం చెడిందనుకున్నాను. హేమ తల్లి నవ్వాపుకుంటూ లోపలికి వెళ్ళింది. హేమ మాత్రం నవ్వలేదు. "సరి, పోయి రాండి. సాయంత్రం ఫోన్ చేస్తా" అంది.

తిరుగు రైల్లో సుధాకర్‌కు దూరంగా వేరే సీట్లో కూర్చున్నాను. కాట్పాడి దాటాక ఫోన్ మోగింది. "నాకు సమ్మతమే" అంది హేమ. నేను తడబడుతూ, వాడి మాటలు పట్టించుకోవద్దన్నాను.

"మీ మాట విని వద్దనుకుంటిని. ఆయన మాట విని సరే అనుకుంటిని. ముందొచ్చినోళ్ళంతా సర్దుకుపోతామనే చెప్పినారు. ఒకాయన నన్ను ఇష్టపడి, వాళ్ళమ్మ వద్దంటే దానికీ సర్దుకుపోయినాడు."

సంతోషంతో పాటు ఏదో అయోమయం. ముప్పై ఏళ్ళుగా నాతోనే ఉన్నాను, ఆమె ఒప్పుకున్న ఆ మొండివాణ్ణి నేనెప్పుడూ చూడలేదు. ఉన్నాడని ఇప్పటికీ నమ్మకం కుదరడం లేదు. లేకపోతే రేపు ఆమెకేం చెప్పను? పెళ్ళిచూపులకు వెళ్ళేవాళ్ళకు ఒక్క సలహా: మిమ్మల్ని మెచ్చుకునేవాణ్ణి కాదు, మీతో విసిగిపోయినవాణ్ణి తోడు తీసుకెళ్ళండి. వాడి ఛార్జీలు మాత్రం మీరే పెట్టుకోండి.