మీసం గీసుకున్న రోజు

రాబోయే కాలం పాడైపోయినట్టు ఊహించి రాసే నవలలంటే నాకు పిచ్చి. గద్వాలలో అద్దె ఇంట్లో అమ్మా నేనూ ఉండేవాళ్లం. పెళ్లి చేసుకోలేదు కాబట్టి సాయంత్రాలు ఆ నవలలతోనే గడిచేవి. వాటిలో గోడకో కన్ను, గుమ్మానికో చెవి ఉంటాయి. సర్కారు ఒక్క మనిషి వెంటపడి వాడు ఏం తిన్నాడో, ఎవరిని ప్రేమించాడో కనిపెడుతూ ఉంటుంది. చదివినప్పుడల్లా నాకు భయం కన్నా కోపమే ఎక్కువ వచ్చేది. ఒక్కడి కోసం అంత తీరిక ఎవరికుంటుందయ్యా? ధరూర్ వైపు పల్లెలో పిల్లలకు సాంఘికం చెప్పుకునే నన్ను పట్టించుకునేదెవరు?

ఫోన్ తప్ప. మా బడిలో హాజరు దాంట్లోనే వేయాలి. పొద్దున తొమ్మిదిలోగా ముఖం చూపిస్తే పచ్చటి టిక్కు పడుతుంది. పడకపోతే ఆ రోజు మనం రానట్టే.

మొన్న చలికాలంలో అమ్మ పోయింది. కృష్ణ ఒడ్డున దినాలు చేసి, గుండు చేయించుకొని, మీసం తీయించుకున్నాను. బడి వాట్సాప్ గ్రూపులో అందరూ దండం బొమ్మలు పెట్టారు. చుట్టాలు వెళ్లిపోయాక ఇల్లు బావురుమంది. మూడు రోజులు నోరు విప్పాల్సిన పనే పడలేదు. నాలుగో రోజు బండి తీసుకొని బడికి బయల్దేరాను. నిజం చెప్పాలంటే పాఠాల మీద ప్రేమతో కాదు. ఎవరో ఒకరు నన్ను చూసి, నువ్వు ఫలానా అని గుర్తుపడితే చాలనిపించింది.

ఫోన్ గుర్తుపట్టలేదు. ముఖం సరిపోలేదంది. నీడలోకి వెళ్లాను, ఎండలోకి వచ్చాను, గుండుకు రుమాలు చుట్టాను. తొమ్మిదికి పది నిమిషాలే ఉన్నాయి. అప్పుడు చేసిన పని తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. పిల్లల బొమ్మల డబ్బాలోంచి నల్ల స్కెచ్ పెన్ను తీసి, బండి అద్దంలో చూసుకుంటూ మీసం గీసుకున్నాను. ఆ నవలల్లో మనుషులు యంత్రానికి దొరక్కుండా ముఖం దాచుకొని తిరుగుతారు. నేను దానికి దొరకాలని మీసం పెట్టుకున్నాను. అప్పటికీ అది ఒప్పుకోలేదు.

మధ్యాహ్న భోజనం వండే అవ్వ బియ్యం చెరుగుతూ నన్ను చూసింది.

"ఏంది సారూ, ఇయ్యాల నాటకమున్నదా?"

"లేదవ్వా, హాజరు."

ఆమె నవ్వలేదు. చేట పక్కన పెట్టి, చెంబుతో నీళ్లు తెచ్చింది. "జర కడుక్కో సారూ. పోరగాండ్లు చూస్తే నవ్వుతరు."

మీసం కడుక్కునేసరికి హెడ్‌మాస్టర్ వచ్చారు. "గింత పరేషాన్ ఎందుకు సార్? పాత మొఖం తీసేసి కొత్తది ఎక్కిద్దం" అన్నారు. పాత ఫొటో తీసేయాలా అని ఫోన్ అడిగింది. అమ్మ ఉన్నప్పటి ముఖం అది. అవునని నొక్కాను. నవలల్లో అయితే ఒక మనిషి గతాన్ని చెరపడానికి పెద్ద కార్యాలయం, దాని నిండా గుమాస్తాలు ఉంటారు. ఇక్కడ నా బొటనవేలు సరిపోయింది. కొత్త ముఖం చూపించగానే పచ్చటి టిక్కు పడింది.

"అయిపాయె సార్. ఇగ మీరు ఉన్నట్టే" అన్నారు హెడ్‌మాస్టర్. మంచి మనిషి, ఎగతాళికి అనలేదు.

సాయంత్రం ఇంటికొచ్చి తాళం తీశాను. గుమ్మం ముందు చెప్పులు విడిచి, లోపలికి అడుగు పడక అక్కడే నిలబడిపోయాను. చివరి రెండేళ్లూ అమ్మకు చూపు లేదు. దవాఖానల చుట్టూ తిప్పినా లాభం లేకపోయింది. నాకు మీసం ఉందో లేదో, తల నెరిసిందో లేదో ఆమెకు తెలియదు. అయినా చెప్పులు విడిచిన చప్పుడు వినగానే లోపలినుంచి "వచ్చినవా బిడ్డా" అనేది. ఒక్కనాడూ పొరబడలేదు.

ఏడుపొచ్చింది. ఇంట్లో ఎవరూ లేరని తెలుసు. అయినా చెప్పులు మళ్లీ తొడుక్కొని, ఇంకోసారి, కాస్త చప్పుడయ్యేలా విడిచాను.