ఉదాహరణకి మా ఇల్లు

వరంగల్ నుంచి నర్సంపేట వెళ్లే బస్సులో, నేను ఇంగ్లిష్ మాస్టారినని తెలిసి, పక్కసీట్లోని ఇంటర్ అమ్మాయి ‘హూఎవర్’, ‘వెనెవర్’ ఎలా వాడాలని అడిగింది. ఒక ఉదాహరణ చెప్పి తెలుగులో వివరించాను: “ఎవరొచ్చినా, ఎప్పుడొచ్చినా మా ఇంట్లో భోజనం పెడతాం.”

ముందుసీట్లో ఉన్న వాళ్ల నాయనమ్మ వెనక్కి తిరిగింది. “మంచోనివి బిడ్డా! ఇల్లు ఏడ?”

“రాజమండ్రిలో. అది ఉత్త ఉదాహరణ, అవ్వా.”

“అంటే, పెట్టవా?”

బస్సంతా నావైపే చూసింది. “పెడతాను,” అన్నాను.

“గోదావరి పుష్కరాలకు అందరం అస్తం. అడ్రస్ రాస్కో పిల్లా,” అంది మనవరాలితో. నాతో, “ముందుగాల నువ్వు మా ఇంట్ల తిను,” అంది. నర్సంపేటలో తనతోపాటే దింపి, కోడికూరతో కడుపునిండా పెట్టింది. ఇంకెలా తప్పించుకుంటాను?

పుష్కరాలు దగ్గరపడుతున్నాయి. క్లాసులో ఇప్పటికీ అదే ఉదాహరణ చెబుతున్నాను. అందులో ఇల్లు మాత్రం పక్కింటివాళ్లది.