నేను ముందే విడగొట్టిన రాష్ట్రం

తెలంగాణ ఉద్యమం రోజుల్లో రోడ్ల మీద బైఠాయించినవాళ్లు ఎందరో, అక్కడే వంటలు చేసుకుని తిన్నవాళ్లు ఎందరో. కానీ ఫ్యాన్ కింద కూర్చుని, ఒక్క మీట నొక్కి రాష్ట్రాన్ని విడగొట్టి, ఆ దెబ్బకు సొంత మనుషుల పనే చెడగొట్టినవాణ్ని మాత్రం నేనొక్కణ్నే. చెప్పాలంటే ఇప్పటికీ నీరసం ముంచుకొస్తుంది. అయినా వినండి. నవ్వొస్తే నవ్వండి, నాకు అలవాటైపోయింది.

మాది తొర్రూరు. అప్పట్లో ఒక వైద్య కళాశాల లైబ్రరీలో కొత్తగా చేరాను. లైబ్రేరియన్ అంటే పుస్తకాల దుమ్ము దులిపేవాడని మా ఇంట్లోవాళ్లతో సహా అందరి నమ్మకం. నా అసలు పని వెతకడం. డాక్టర్లు ఒక జబ్బు మీద అప్పటిదాకా వచ్చిన పరిశోధనలన్నీ, ఒక్కటీ వదలకుండా, ముందేసుకుని ఒక మాట తేలుస్తారు. దాన్ని క్రమబద్ధ సమీక్ష అంటారు. ఆ పరిశోధనలను కంప్యూటర్లో వెతికి తెచ్చివ్వాల్సింది నేను. నేను వదిలేసింది లోకంలో లేనట్టే. చూశారా, ఎలాంటివాడి చేతిలో పెట్టారో!

మా కళాశాలలో ఊపిరితిత్తుల డాక్టరు సుజాత మేడం. జనగామ ఆవిడ. భూపాలపల్లి గని కార్మికులకు, రిటైరైనవాళ్లకు కూడా, ఏటా ఛాతీ ఎక్స్‌రే తీయించాలని ఆమె పట్టుబట్టారు. "ఆధారం చూపండి, తీయిస్తాం" అన్నాడు గని అధికారి. అది చూపడానికి భూపాలపల్లిలో కార్మికులందరి ముందు మీటింగు పెట్టారు.

"తమ్మీ, బొగ్గు దుమ్ము మీద వచ్చిన పేపర్లన్ని తియ్. మన దిక్కువి మాత్రమే," అన్నారు మేడం.

సరిగ్గా ఆ పొద్దున్నే హాస్టల్ మెస్సులో ఆంధ్ర వైపు ఒకాయన నా యాసను వెక్కిరించాడు. కడుపు మండిపోతోంది. మా వెతుకులాటలో 'నాట్' అనే చిన్న ఇంగ్లీషు మాట ఒకటుంది. దాని పక్కన ఏది రాస్తే ఆ మాటున్న పేపర్లన్నిటినీ కంప్యూటర్ బయటికి గెంటేస్తుంది. బొగ్గు, ఊపిరితిత్తులు, మా ఊళ్ల పేర్లు అన్నీ కొట్టి, చివర్లో పళ్లు కొరుకుతూ 'నాట్ ఆంధ్రప్రదేశ్' అని తగిలించాను. అబ్బ, ప్రాణం ఎంత హాయిగా ఉందో!

వచ్చినవి సున్నా.

అనుమానం రావాలి కదా? రాలేదు. ఇంకా కోపం వచ్చింది. మేడంకు ఫోన్ చేశాను.

"మేడం, ఒక్కటంటే ఒక్కటి లేదు! మన బతుకుల మీద ఎవ్వరు రాయలే!"

"ఒక్కటి లేదా? అదెట్ల? జనగామల రాస్తారోకో, బండి కదుల్తలేదు. నేనొచ్చేదాంక మీటింగుల నోరు తెరువకు తమ్మీ."

నోరు మూసుకుని కూర్చోగలిగితే ఈ కథే లేదు. బస్సులు బంద్ కావడంతో భూపాలపల్లికి కొంత దూరం ట్రాక్టరు మీద, కొంత దూరం కాళ్లీడ్చుకుంటూ చేరాను. ఒళ్లు హూనమైంది. అయినా మైకు చేతికందగానే ఆ అలసటంతా ఎటుపోయిందో!

"అన్నలారా! మీ ఊపిరితిత్తుల మీద ఈ లోకంల ఒక్క పరిశోధన లేదు! గిదేనా న్యాయం?"

చప్పట్లు మోగాయి. ముందు వరసలో ఉన్న గని అధికారి అందరికంటే గట్టిగా కొట్టాడు. అప్పుడైనా నాకు వెలగలేదు.

"లైబ్రేరియన్ గారే చెప్తున్నారు, ఆధారం లేదని. ఇంక ఎక్స్‌రేల మాట ఎత్తకండి," అంటూ ఆయన సంచి సర్దుకున్నాడు.

హాలంతా చల్లబడిపోయింది. రిటైరైన కార్మికుడు మల్లయ్య దగ్గుతూ లేచాడు.

"ఏంది బిడ్డా, మా నోట్ల మన్ను గొట్టినవ్? దవాఖానల సుజాత మేడం మా ఛాతీ ఫొటోలు తీసి రాసుకున్నది గద. గవన్ని యాడవోయినయ్?"

అప్పుడే మేడం ఎవరి స్కూటరు వెనకో కూర్చుని వచ్చి దిగారు, జుట్టంతా దుమ్ము. నేను వెతికిన తీరంతా రాసున్న కాగితాన్ని నా చేతిలోంచి లాక్కుని చూశారు.

"తమ్మీ, నేను రాసిన పేపర్ మీద భూపాలపల్లి పక్కన ఏముంటది?"

"వరంగల్ జిల్లా, మేడం."

"దాని పక్కన?"

నేల చూపులు చూశాను. "...ఆంధ్రప్రదేశ్."

"ఇప్పుడు మనం కూసున్నది ఏ రాష్ట్రంల?"

"తెలంగాణ!" అని హాలు దద్దరిల్లింది.

"కాగితం మీద?"

కాగితం మీద ఇంకా ఆంధ్రప్రదేశే, ఆ మాటతోనే మా పేపర్లన్నిటినీ నేను బయటికి గెంటేశాను. అధికారి మెల్లగా జారుకోబోయాడు.

"సారూ, జర కూసోన్రి. బయట రోడ్డు బంద్, మీ జీపు కదలది," అన్నాడు మల్లయ్య ఎంతో మర్యాదగా.

నేను నెట్ సెంటరుకు పరుగెత్తాను. కరెంటు లేదు. పక్కనే చెల్పూరు విద్యుత్ కేంద్రంలో కరెంటు పుడుతుంది, మాకేమో కోత! అది వచ్చేదాకా వీధిలో నిలబడి నన్ను నేను తిట్టుకున్నాను. వచ్చాక 'నాట్' తీసేసి మళ్లీ కొట్టాను. పేపర్లు బిలబిలమంటూ దిగాయి. అన్నిటికంటే పైన మేడం పేరు. సిగ్గుతో చచ్చిపోయాను.

నేను ప్రింటు తీయించి తెచ్చిన కాగితాలను అధికారి ఒక్కొక్కటే తిరగేశాడు. చివరికి అదే మైకు పట్టుకుని, రిటైరైనవాళ్లకు కూడా ఎక్స్‌రేలు తీయిస్తామని అందరి ముందూ చెప్పాడు. మల్లయ్య నా భుజం మీద చెయ్యేశాడు.

"రాష్ట్రం కోసం గింతమందిమి రోడ్ల మీద వడి సస్తున్నం. నువ్వు కూసున్నకాడనే ఇచ్చేస్తివి గద బిడ్డా! మళ్ల నువ్వే గుంజుకుంటివి."

తర్వాత రాష్ట్రం నిజంగానే వచ్చింది. పాత పేపర్ల మీద అడ్రస్ మాత్రం మారలేదు, మారదు కూడా. అందుకని కీబోర్డు మీద చెయ్యేసి ప్రమాణం చేస్తున్నాను. కడుపు మండినప్పుడు 'నాట్' జోలికి పోను. మా ఊళ్ల గురించి ఎప్పుడు వెతికినా రెండు రాష్ట్రాల పేర్లూ కొడతాను.

కాకపోతే, తెలంగాణ ముందు కొడతాను.