వంశవృక్షంలో వేషగాడు

మా పెదనాన్న వంశవృక్షం అచ్చు వేయిస్తున్నాడు. సాయంత్రం ఆరింటికల్లా పేర్లన్నీ సూర్యాపేట ప్రెస్సులో ఇవ్వాలి. పేర్ల కోసం తిరిగే పని నా మీద పడింది. ఎమ్మే చదివి ఇంటిపట్టున ఉన్నది నేనొక్కణ్ణే.

ఉదయం ఏడుంబావుకు కోదాడ బస్సెక్కాను. ఆడవాళ్లకు టికెట్ లేదు, నాకు సీటు లేదు. "నిలబడనీకె పైసలిచ్చినవా బిడ్డా?" అని కిటికీ పక్క ముసలమ్మ జాలిపడింది.

కోదాడలో ఇడ్లీ తిని, ఆటోలో అనంతగిరి చేరేసరికి తొమ్మిదిన్నర. మా ఇళ్లకొచ్చి తరతరాల పేర్లు పాడి చెప్పడం అక్కడి వెంకటయ్య కుటుంబం పని. వెంకటయ్య చేతితాళాలు తీసి పాట మొదలుపెట్టాడు. మా ముత్తాత పేరు, ఆయన పెద్ద తమ్ముడి పేరు, ఆ తర్వాత పేరు లేకుండా తాళం ఒక్క దెబ్బ. వెంటనే కింది తరం.

"ఆ దెబ్బ ఎవరిది?" అన్నాను.

"చిన్నతమ్ముడు లచ్చిరెడ్డిదయ్యా. ఆడవేషాలు కట్టి ఆటగాళ్లెంట పోయిండు. పాటల ఆ పేరు తియ్యొద్దని మీవోళ్లు మా తాతతోని ఒట్టేయించిండ్రు. పుట్టినోణ్ణి పుట్టలేదని ఎట్లంటం? అందుకే దెబ్బ."

"మరి నాకెలా చెప్పావు?"

"అడిగితే చెప్పొద్దని ఒట్టు లేదు. ఇన్నేండ్లల్ల అడిగింది మీరే."

ఆయన పసితనంలోనే పోయాడని మా ఇంట్లో చెప్పేవారు. పోలేదు. మనవరాలు సుశీలమ్మ మిర్యాలగూడలో బట్టలు కుడుతుందట. హుజూర్‌నగర్ మీదుగా బస్సు పట్టుకున్నాను.

ఒంటిగంటన్నరకు ఆమె తలుపు తట్టి నేనెవరో చెప్పాను. "ఇన్నేండ్లకు తొవ్వ దొరికిందా?" అని, ముందు అన్నం పెట్టింది. తర్వాత ట్రంకు పెట్టెలోంచి ఆయన ఫోటో తీసింది. పట్టుచీర, వంకీలు, నడుము దాటిన జడ. మా వంశంలో ఇంత చక్కనివాళ్లు ఇంకెవరూ లేరు.

పెదనాన్నకు ఫోన్ చేసి, స్పీకర్లో పెట్టి అంతా చెప్పాను.

"పేరు రాయి. అందరి లెక్కనే పక్కన వ్యవసాయం అని రాయి. మా పోరికి పెండ్లి సంబంధాలు సూస్తున్నం, గా వేషాల ముచ్చటెందుకు?"

స్పీకర్లో విన్న సుశీలమ్మ కత్తెర కింద పెట్టింది. "మా తాత నాగలి పట్టంగ ఎవలు సూసిండ్రు అన్నా? వేషగాడని రాస్తే రాయుండ్రి. లేకుంటె పేరే వద్దు."

"నేను కూడా వ్యవసాయమని రాయను పెదనాన్నా. అచ్చు ఆగిపోయినా సరే," అన్నాను. ఆయన ఫోన్ పెట్టేశాడు. ఫోటో వాట్సాప్‌లో పంపి నాలుగింటికి సూర్యాపేట బస్సెక్కాను. ఈసారి సీటు దొరికింది. మిల్లులకు వచ్చే వడ్ల లారీలను తప్పించుకుంటూ బస్సు నింపాదిగా నడిచింది.

నాలుగూ ముప్పావుకు పెదనాన్న ఫోన్.

"గా ఫోటోల ఆమె ఎవర్రా? అచ్చం సచ్చిపోయిన మా చెల్లె లెక్కనే ఉన్నది."

"ఆమె కాదు పెదనాన్నా. ఆయనే."



"వేషగాడనే రాయి. ఫోటో గూడ వెయ్యమను. జర పెద్దగ."

పక్కసీటాయన నా ఫోన్లోకి తొంగిచూశాడు. "ఎవరు సారూ, మీ నాయనమ్మనా?"

"మా ముత్తాత తమ్ముడు. ఆడవేషాలు కట్టేవాడు," అన్నాను. మా ఇంటివాళ్లెవరైనా ఆ మాట బయటివాళ్లతో అనడం అదే మొదలు. ఆయన సూర్యాపేట వచ్చేదాకా నా ముఖం వంకే పరీక్షగా చూశాడు.