లైనర్‌కి కింద వేసిన కుట్టు

దెయ్యాలున్నాయని ఎవరైనా చెబితే మొహమాటానికి కూడా తలూపేదాన్ని కాదు నేను. డిగ్రీలో మైక్రోబయాలజీ చదివాను. నా భయాలన్నీ కంటికి కనిపించని వాటి గురించే, కాకపోతే అవి మైక్రోస్కోపులో పెడితే కనిపిస్తాయి. దుమ్ము, బూజు, పాత పరుపుల్లో ఉండే పురుగులు. ఇప్పుడైనా నమ్ముతున్నానని చెప్పను. జరిగింది జరిగినట్టు రాస్తాను, అంతే.

పాప పక్కనే పడుకుంది. రాస్తూ రాస్తూ మధ్యలో దాని ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తున్నాను. ఈ అలవాటు కొత్తది కాదు.

మా బుజ్జికి ఏడాది నిండకుండానే ఆయాసం మొదలైంది. కాస్త దుమ్ము తగిలితే చాలు, రాత్రికల్లా ఛాతీలో పిల్లికూతలు. మేముండేది ఇబ్రహీంపట్నంలో, హైవే పక్క ఫ్లాటులో. పొద్దున తుడిచిన టీవీ మీద సాయంత్రానికి వేలితో పేరు రాయొచ్చు. అందుకని కిటికీలు మూసి, దుప్పట్లు వేణ్ణీళ్ళలో ఉతికి, నెబ్యులైజర్ మంచం పక్కనే పెట్టుకుని బతుకుతున్నాం. మా ఆయన నాకు శానిటరీ ఇన్‌స్పెక్టర్ అని పేరు పెట్టారు.

పోయిన చలికాలం ఆయన ఆఫీసు స్నేహితుడు సతీష్, అతని భార్య ప్రసన్న మమ్మల్ని క్యాంపింగ్‌కి రమ్మన్నారు. బందరు దాటాక సముద్రం ఒడ్డున వాళ్ళకి తెలిసినవాళ్ళ సరుగుడు తోట ఉంది. ఒక్క రాత్రి టెంట్లు వేసుకుని పడుకుని, పొద్దున సూర్యోదయం చూసి వచ్చేయడం. సముద్రపు గాలి పిల్లకి మంచిదేనని డాక్టర్ కూడా అన్నారు. నా బెంగ గాలి గురించి కాదు. టెంట్లు, స్లీపింగ్ బ్యాగులు అద్దెకి తెస్తామన్నారు. ఆ బ్యాగుల్లో అంతకుముందు ఎంతమంది పడుకున్నారో, దేంతో ఉతికారో మనకేం తెలుసు?

ఫోన్లో వెతికితే లైనర్ అని ఒకటుంటుందని తెలిసింది. స్లీపింగ్ బ్యాగ్ లోపల వేసుకునే పల్చటి గుడ్డ సంచి. మనం అందులో దూరి పడుకుంటే ఒంటికి బ్యాగు తగలదు. వాడాలా, అక్కర్లేదా అని బోలెడంత మంది వాదించుకుంటున్నారు. చలికి మంచిదని కొందరు, కాళ్ళకి చుట్టుకుని చిరాకని కొందరు. పసిపిల్లల సంగతి ఎవరూ రాయలేదు.

"ఒక్క రాత్రికి ఇంత హడావుడి ఎందుకే? మన దుప్పటి పరిస్తే సరిపోదూ?" అన్నారు మా ఆయన.

"దుప్పటి జరిగిపోతుంది. సంచైతే జరగదు" అన్నాను. ఇంట్లోనే కుడదామని కూర్చున్నాను.

గుడ్డ మా అమ్మది. అమ్మ మంగళగిరిలో ఇంటి దగ్గరే జాకెట్లు కుట్టేది. నా పెళ్ళైన మరుసటి ఏడే పోయింది, బుజ్జిని చూడలేదు. ఆవిడ కాలి మిషన్, సూదుల డబ్బా, పెట్టెలో మిగిలిన తెల్లటి మంగళగిరి కాటన్ తాను నాకొచ్చాయి. ఆ గుడ్డని కత్తిరించడానికి ఇన్నాళ్ళూ చేతులు రాలేదు. పిల్ల కోసమే కదా అని కత్తిరించాను.

అమ్మ గురించి ఒక సంగతి ఇక్కడే చెప్పాలి. కుట్టు తప్పు పడితే నేనైతే బ్లేడు పెట్టి పరపరా కోసేస్తాను. అమ్మ అలా చేసేది కాదు. గాజుకున్న పిన్నీసు తీసి, ఒక్కో కుట్టూ లేపి, దారం తెగకుండా మొత్తం లాగేది. ఆ దారాన్ని ఆరిపోయిన అగ్గిపుల్లకి అటొకసారి ఇటొకసారి అడ్డంగా తిప్పుతూ, ఎనిమిది అంకెలా చుట్టి డబ్బాలో దాచేది. దారం ఆదా కోసం కాదు. గుడ్డకి దెబ్బ తగలకూడదని. నేర్పబోతే నేను నేర్చుకోలేదు. నాకంత ఓపిక లేదు.

పక్కలు కుట్టేసరికి తెల్లదారం అయిపోయింది. అడుగు కుట్టు ఎర్రదారంతో వేశాను. గట్టిగా ఉండాలని రెండుసార్లు తిప్పాను.

మా అత్తయ్య వచ్చి అటూ ఇటూ తిప్పి చూసింది. "ఏంటమ్మాయ్ ఇది, బియ్యం బస్తాలాగా? పిల్ల పడుకునేదానికి రెండు వైపులా తెరిచి ఉండాలి. చీర ఉయ్యాల అలాగే కదా కడతాం."

"ఇది ఉయ్యాల కాదత్తయ్యా. కింద తెరిచి ఉంటే దుమ్మంతా లోపలికొస్తుంది."

"పోనీ మూలకి ఇంత పసుపన్నా పెట్టు. కొత్త బట్ట."

"కట్టుకుంటామా పెట్టుకుంటామా, లోపల వేసే సంచికి పసుపేంటి?" అని నవ్వాను.

"నీ ఇష్టం తల్లీ. చదువుకున్నదానివి" అని వెళ్ళిపోయింది.

శనివారం మధ్యాహ్నం బయల్దేరి ఉయ్యూరు, పామర్రు మీదుగా వెళ్ళాం. తోట చేరేసరికి ఎండ తగ్గింది. బుజ్జి ఇసకలో పరిగెత్తుతుంటే వెనకాల తడిగుడ్డ పట్టుకుని నేను. సతీష్ చేపలకి ఉప్పు, కారం, పసుపు పట్టించి నిప్పుల మీద కాల్చాడు. బుజ్జి ఆ గిన్నెలో చెయ్యి పెట్టింది కూడా. కడిగాను. ఇది గుర్తు పెట్టుకోండి, తర్వాత మా ఆయన ఇదే పట్టుకున్నారు.

చీకటి పడ్డాక గాలి పెరిగింది. టెంటు గుడ్డ టపటపా కొట్టుకుంటోంది. నెబ్యులైజర్‌కి అక్కడ కరెంటు లేదు, ఇన్‌హేలర్ మాత్రం తలగడ కింద పెట్టుకున్నాను. ఆసుపత్రికి వెళ్ళాలంటే బందరే. కారు ఇసకలోంచి రోడ్డెక్కడానికే చాలాసేపు పడుతుంది. ఇవన్నీ ముందే ఆలోచించుకుని కూడా ఎందుకొచ్చానా అనిపించింది.

నేనూ బుజ్జీ ఒకే బ్యాగులో పడుకున్నాం, మా ఆయన పక్క బ్యాగులో. లైనర్‌లోకి ముందు నేను దూరి, పిల్లని గుండెల మీదకి తీసుకుని, జిప్పు మెడ దాకా లాగాను. ఆ బ్యాగుకి కాళ్ళ వైపు ఇంకో చిన్న జిప్పుంది, వేడెక్కితే గాలికి తెరుచుకోవడానికి. ఇసక రాకుండా దాన్ని లోపలికి దూరకముందే మూసేశాను. మూసుకుందో లేదో రెండోసారి చేత్తో తడిమి చూశాను. టెంటు జిప్పు మా ఆయన వేశారు.

నిద్రపోకూడదనే అనుకున్నాను. బుజ్జి ఊపిరి నా మెడకి తగులుతూ ఉంది. అలా లెక్కపెడుతూ ఉన్నాను.

మెలకువ వచ్చేసరికి టెంటు లోపల బూడిదరంగు వెలుతురు. దూరంగా వేటకెళ్ళే బోట్ల మోటార్ల చప్పుడు. మెడ దగ్గర ఊపిరి లేదు. చెయ్యి పెట్టి చూస్తే గుడ్డ తప్ప ఏమీ తగల్లేదు.

పక్కకి దొర్లిందేమో అనుకున్నాను. ఎటు దొర్లుతుంది, జిప్పు నా మెడ దాకా వేసే ఉంది. అప్పుడర్థమైంది. కిందకి జారింది. రెండున్నరేళ్ళ పిల్ల, మందంగా ఉన్న బ్యాగు అడుగుకి, నేను రెండుసార్లు తిప్పి కుట్టిన సంచి అడుగుకి. గాలి వెళ్ళే సందు లేకుండా కుట్టింది నేనే.

జిప్పు లాగుతుంటే గుడ్డలో ఇరుక్కుంది. లైనర్ నా మోకాళ్ళకి మెలిపడిపోయి ఉంది. అరిచానట, నాకు గుర్తు లేదు. మా ఆయన లేచి టార్చి వేశారు. ఆ వెలుతురు ముందు పడింది నా కాళ్ళ వైపే.

బుజ్జి తల బ్యాగు బయట ఉంది.

కాళ్ళ వైపు చిన్న జిప్పు పూర్తిగా తెరిచి ఉంది. లైనర్ అడుగు తెరిచి ఉంది. అందులోంచి తలా, భుజాలూ బయటకి పెట్టి, చాప మీద చెంప ఆనించి నిద్రపోతోంది. నోరు కొంచెం తెరుచుకుని ఉంది. చెవి ఆనించి విన్నాను. పిల్లికూతలు లేవు. ఎన్నో నెలల తర్వాత అంత తేటగా ఊపిరి తీయడం అప్పుడే విన్నాను.

ఎత్తుకుని చాలాసేపు అలాగే కూర్చున్నాను. కళ్ళు నలుపుకుని అది పాలడిగింది.

తెల్లారాక లైనర్ తీసి చూశాం. కుట్టు చిరిగిపోలేదు. చిరిగితే గుడ్డ పోగులు లేస్తాయి, సూది రంధ్రాలు సాగుతాయి. ఇక్కడ రంధ్రాలు వరసగా, చెక్కుచెదరకుండా ఉన్నాయి. పక్కల తెల్లదారం కుట్టు అలాగే ఉంది. అడుగున ఎర్రదారం మాత్రం ఒక్క పోగు లేదు.

ఒక మూల చిన్న పసుపు బొట్టుంది. వేలు పెడితే ఇంకా తడిగా ఉంది.

"చేపల పసుపే. రాత్రి గిన్నెలో చెయ్యి పెట్టింది కదా" అన్నారు మా ఆయన. తడి మంచుదన్నారు. అదీ నిజమే, టెంటు లోపలంతా చెమ్మగా ఉంది. కుట్టు గురించి అడిగితే, "నువ్వే నిద్రలో విప్పుంటావ్. గాజుకి పిన్నీసు ఉందిగా" అన్నారు. పిన్నీసు ఉంది, పెట్టింది పెట్టినట్టే ఉంది. నేను మెడ దాకా జిప్పు వేసుకుని లోపల ఉన్నాను. కాళ్ళ వైపు జిప్పు బయటనుంచే తీయాలి.  పైగా టెంటు జిప్పు లోపలనుంచి వేసింది వేసినట్టే ఉందని ఆయనే చెప్పారు.

ఇంతవరకే అయితే ఈపాటికి నేనూ సర్దిచెప్పుకునేదాన్ని.

చాప చుడుతుంటే బుజ్జి తల ఆనించిన చోట సరుగుడు పుల్ల ఒకటి దొరికింది. అగ్గిపుల్లంత ఉంది. దానికి ఎర్రదారం చుట్టి ఉంది. ఎక్కడా ముడి లేదు, తెగలేదు. అటొకసారి ఇటొకసారి, ఎనిమిది అంకెలా.

నేను మా ఆయనకి చూపించాను. ఆయన అటూ ఇటూ తిప్పి చూసి, నా చేతిలో పెట్టి, టెంటు మేకులు పీకడానికి వెళ్ళారు. సతీష్ వాళ్ళకి ఇద్దరం చెప్పలేదు. ఇంటికొచ్చాక అత్తయ్యకి మాత్రం చెప్పాను. ఆవిడ దేవుడి గదిలోకి వెళ్ళి దీపం పెట్టి వచ్చింది. "నేను చెప్పలేదూ" అనలేదు. అంటే బాగుండేది.

ఒక ఆదివారం మా ఆయన పాత తలగడ గలేబు ఒకటి, పిన్నీసు పట్టుకుని బాల్కనీలో కూర్చున్నారు. కుట్టు విప్పడానికి. పట్టపగలు, కళ్ళజోడు పెట్టుకుని. జానెడు విప్పకముందే దారం చాలాసార్లు తెగింది. లేచి గలేబు మడిచి లోపల పెట్టేశారు. ఆ తర్వాత "నువ్వే విప్పుంటావ్" అన్న మాట మళ్ళీ అనలేదు.

ఇప్పుడు ఇదంతా ఎందుకు రాస్తున్నానంటే, ప్రసన్నకి నెలలు నిండాయి. కాన్పయ్యాక వచ్చే చలికాలం వాళ్ళు పిల్లతో కలిసి మళ్ళీ ఆ తోటకే వెళ్తారట. సాయంత్రం మెసేజ్ పెట్టింది. "అక్కా, లైనర్ నిజంగా అవసరమా? అవసరమైతే నాక్కూడా ఒకటి కుట్టి పెట్టవా? నీకు పుణ్యముంటుంది."

చాలాసేపు టైప్ చేసి చెరిపేశాను. చంటిపిల్లని ఏ బ్యాగులోనూ పెట్టొద్దని, విడిగా చాప మీద పడుకోబెట్టమని ముందు రాశాను. వాళ్ళిద్దరికీ లైనర్ మంచిదే, కుట్టి ఇస్తానన్నాను. కింద మాత్రం కుట్టు వేయనని రాశాను.

వెంటనే రిప్లై వచ్చింది. "కింద కుట్టకపోతే దుమ్ము రాదా అక్కా? ఎందుకు?"

దానికింకా జవాబు పెట్టలేదు. ఎర్రదారం పుల్ల అమ్మ డబ్బాలో, అమ్మ చుట్టిన అగ్గిపుల్లల పక్కనే ఉంది. ఇందాక మళ్ళీ తీసి పక్కపక్కన పెట్టి చూశాను. దారం ఎటు మొదలై ఎటు తిరిగిందో, చివర కొసని ఎలా లోపలికి దోపారో, రెండూ ఒకేలా ఉన్నాయి. అలా చుట్టడం ఇంట్లో నాకు రాదు, ఆయనకి రాదు, అత్తయ్యకి రాదు.

ఎందుకని అడిగితే ఏం చెప్పాలి? నాకు తెలీదు ప్రసన్నా. కింద మాత్రం కుట్టను.