మైకు ఆటోలో మిగిలిపోయిన గొంతు

పల్లెల్లో తిరిగే మైకు ఆటోల ప్రకటనల మీద నేను విశ్వవిద్యాలయంలో పరిశోధన చేస్తున్న రోజులవి. పర్చూరు చుట్టుపక్కల ఏ ఊళ్లో నిలబడినా ఒకే గొంతు. పత్తి విత్తనాలు, కరెంటు కోత, కంటి వైద్య శిబిరం, ఎవరో పోయారన్న కబురు, అన్నీ ఆయనే చదివేవాడు. ఆయన గుండెపోటుతో పోయాడని నాకు తెలిసింది కూడా ఆయన నోటనే.

మిరపకాయలు ఆరబోసిన కల్లం పక్కన ఉన్నాను. ఆటో వచ్చింది. ఆయన తన పేరే చెప్పి, ప్రభువునందు నిద్రించియున్నారని, సాయంత్రం భూస్థాపన అని ప్రకటిస్తూ సాగిపోయాడు. కాయలు ఏరుతున్న ఆడవాళ్ల చేతులు ఆగిపోయాయి.

ఇందులో మాయ లేదు. రికార్డింగు షాపులో వేరే గొంతు లేదు. పాత చావు ప్రకటనలో, మరోచోట ఆయన చెప్పుకున్న తన పేరు కోసి అతికించారు. అంతే. ఊరు మాత్రం దెయ్యమంది. చేతిలో సెల్‌ఫోను పట్టుకునే ఆటోకు నిమ్మకాయలు కట్టారు. టీ కొట్టు దగ్గర నేను గొంతు చించుకుని వాదించాను.

"అయితే పొద్దుగూకినాక ఆ కల్లం కాడ ఒక్కరే కూచోండి చూద్దాం సార్," అన్నాడొక రైతు.

"కూచుంటా. దోమలకు తప్ప దేనికీ భయపడను."

పోయినాయన ఇంటికి వెళ్లి ఆయన భార్యకు అదే చెప్పబోతే మధ్యలోనే ఆపింది. "దెయ్యం లేదని నాకు తెలుసండి. మా అత్తకు చెప్పండి."

ఆ ముసలమ్మకు మతిమరుపు. కొడుకు పోయిన సంగతే నిలవదు. పాత రికార్డులతో ఇంకా తిరుగుతున్న ఆటో వినపడితే చాలు, "ఒరేయ్, అన్నం తిని పోరా!" అంటూ వెనకాలే రోడ్డెక్కుతుంది.

"మొన్న లారీ కింద పడబోయింది. ఆ గొంతు ఆపించండి సార్. మీరు చెబితే వింటారు."

ఇద్దరం షాపుకు వెళ్లాం.

"జనం ఆయన గొంతుకు అలవాటు పడ్డారమ్మా," అన్నాడు షాపతను. "వేరేది పెడితే ఆటో వంక తిరిగి చూసేవాడుండడు."

"మా అత్త చూస్తందిగా అన్నా. చాలదా?"

అతను తల వంచుకుని అన్నీ చెరిపేశాడు. ఆమె నా వైపు తిరిగింది. "మీ కాడ కూడా ఉందిగా?"

ఉంది. ఊరూరా తిరిగి నేను రికార్డు చేసుకున్న ఆ గొంతే నా పరిశోధనకు ఆధారం. దాచుకోవడానికి నా దగ్గర కారణాలు చాలా ఉన్నాయి. అయినా ఆమె ముఖం చూశాక అక్కడే లాప్‌టాప్ తెరిచి తీసేశాను.

కొన్నాళ్లకు మళ్లీ వాళ్లింటికి వెళ్లాను. వీధిలో ఆటో పోయింది. ఎవరో అమ్మాయి గొంతు. ముసలమ్మ మంచం దిగలేదు.

"మావాడికి జబ్బు చేసిందా? గొంతు వినపడటంలా," అంది నాతో.

చచ్చినవాళ్లు తిరిగి రారని ఎన్నో వేదికల మీద చెప్పినవాణ్ణి. కోడలి వైపు చూశాను.

"పోయాడత్తా," అంది కోడలు.

ముసలమ్మ గుండెలు బాదుకుని ఏడ్చింది. అప్పుడే విన్నట్టు ఏడ్చింది. అలసిపోయి, కాసిని మంచినీళ్లు తాగి, కొంగుతో మొహం తుడుచుకుంది. తర్వాత వీధి వైపు చెవి పెట్టింది.

"మావాడి గొంతు వినపడటంలా. జబ్బు చేసిందా?"